ఎన్ని పూటలకి కట్టమంటావు

వాల్తేరు వెళ్ళే రత్నం సంచీని జగదాంబ మళ్ళీ విప్పి సర్దుతోంది. ఆవకాయ సీసా అడుగున పెడితే చీరలకు నూనె అంటుతుందని భయం. పైన పెడితే రైల్లో ఎవరి మోచెయ్యో తగిలి పగులుతుందని భయం. చివరికి సీసాని తువ్వాల్లో చుట్టి, తువ్వాలుని దుప్పట్లో చుట్టి, ఆ దుప్పటిని సంచీ నడుమ జాగ్రత్తగా కూర్చోబెట్టింది.

"అత్తయ్యా, అది ఆవకాయా పసిపిల్లా?" అంది రత్నం.

"పసిపిల్లైతే దెబ్బ తగిలిందని ఏడ్చైనా చెప్తుంది. ఇది చెప్పదు కదే."

ఆ ఇంట్లో ఎవరు ఏ ఊరు వెళ్ళినా సంచీ సర్దేది జగదాంబే. ఆవిడ గున్నేశ్వరరావుకి అక్క, రత్నానికి మేనత్త. రామచంద్రపురం బజారులో ముందు వైపు గున్నేశ్వరరావు కిరాణా కొట్టు, పక్క గదినిండా పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే గుండిగలూ గంగాళాలూ, వెనక ఇల్లు. సంచీ సర్ది, దారికి అన్నం మూట కట్టి చేతికివ్వడం వరకే ఆవిడ వంతు. మనిషి గడప దాటే వేళకి వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది. విధవరాలు ఎదురు రాకూడదు. పొమ్మని ఎవరూ చెప్పక్కర్లేదు, ఎన్నో ఏళ్ళ అలవాటు. అందువల్ల ఆ ఇంట్లోంచి వెళ్ళినవాళ్ళ వీపు ఒక్కటీ ఆవిడ చూసి ఎరగదు. చెప్పుల చప్పుడు వినేది, బండి చప్పుడు వినేది, తరవాత ఏ చప్పుడూ లేకపోవడం వినేది.

ప్రయాణానికి లేచిన మనిషిని ఎక్కడికని అడగకూడదన్నది ఇంకో పట్టింపు. అడిగితే వెళ్ళిన పని చెడుతుంది. వెనక నుంచి పిలవనూ కూడదు. పొరపాటున పిలిస్తే ఆ మనిషి వెనక్కి వచ్చి కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ లేవాలి. ఇవి ఊరందరికీ ఉన్నవే గాని గున్నేశ్వరరావు ఇంట్లో మరీ గట్టి. వ్యాపారం ఇల్లు కదా, చింతపండు బేరానికి పొరుగూరు వెళ్ళేవాణ్ణి కూడా ఎవరూ నోరెత్తి అడగరు.

అయితే అన్నం మూట కట్టే మనిషి "ఎన్ని పూటలకి కట్టమంటావు" అని అడిగితే ఏ శాస్త్రమూ కాదనదు. ఒక్క పూటకంటే మండపేటో కాకినాడో. రెండు పూటలంటే రాజమండ్రి దాటినట్టే. పెరుగన్నం వద్దు పులిహోర కట్టమంటే రైలు ప్రయాణం. అలా అడిగి, ఎవరెక్కడికి వెళ్ళిందీ ఎప్పటికి వచ్చేదీ జగదాంబ లోపల్లోపల లెక్క కట్టుకుని, ఆ వేళ దాకా వీధి వైపు ఒక చెవి వేసి ఉండేది.

"ఎన్ని పూటలకి కట్టమంటావే?" అని రత్నాన్నీ అడిగింది.

"రెండేళ్ళకి కట్టు అత్తయ్యా," అంది రత్నం నవ్వుతూ.

జగదాంబ కూడా నవ్వింది. సామర్లకోట బస్సుకి రిక్షా కదిలిన చప్పుడు వంటింట్లోకి వినిపించాక మాత్రం నవ్వు నిలవలేదు.

రత్నం వాల్తేరులో చేరిన చదువు ఎం.బి.ఏ. బజారులో ఆ మూడక్షరాల చదువు మగపిల్లల్లో కూడా ఎవరూ చదవలేదు. గున్నేశ్వరరావుకి అది ఎంతకీ మింగుడు పడలేదు. "పని చెయ్యడం నేర్పడానికి కూడా కాలేజీయేంటే? మా నాన్న నన్ను గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టి నేర్పాడు, ఫీజు లేకుండా," అన్నాడు. "అందుకే నాన్నా, మీకు డిగ్రీ ఇవ్వలేదు," అంది కూతురు. తల్లి బుజ్జమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి ఒక్క ఏడాది చూస్తాననీ, చదువు పనికొచ్చేదనిపిస్తేనే రెండో ఏడు పంపుతాననీ గున్నేశ్వరరావు ఒప్పుకున్నాడు.

దీపావళి సెలవులకి రత్నం వస్తూ వస్తూ చంకలో చాపచుట్టంత తెల్ల కాగితం చుట్ట తెచ్చింది. సెలవుల్లో ఏదైనా ఒక నిజమైన పని, మొదలూ చివరా ఉన్న పని, ముందుగా కాగితం మీద గీసి, గీసినట్టు జరిపించి, ఏం జరిగిందో రాసుకు రమ్మని లెక్చరరు గారు చెప్పారట. ఏ పనీ అని వెతుక్కోనక్కర్లేకపోయింది. బజారులోని వైశ్య కుటుంబాలన్నీ కలిసి ఏటా చేసుకునే కార్తీక వనసమారాధన ఈ ఏడు గున్నేశ్వరరావు వంతు. వచ్చే ఆదివారమే.

"దాన్ని నాకొదిలెయ్యండి నాన్నా."

"మూడొందల విస్తళ్ళే. కాగితం మీద వడ్డిస్తావా?"

"కాగితం మీద ముందు వండుతాను. తప్పులేవైనా ఉంటే అక్కడే మాడిపోతాయి."

గున్నేశ్వరరావు కాసేపు గడ్డం గోక్కున్నాడు. బేరం ఆయన రక్తంలోనే ఉంది. "సరే. పొద్దు నడినెత్తి దాటకుండా మొదటి బంతి భోంచేసి లేవాలి. ఆ రాత్రికి అందరూ క్షేమంగా ఇళ్ళకి చేరాలి. అలా అయితే రెండో ఏడుకి మారుమాటాడను. ఏ ఒక్కటి తప్పినా కొట్లో కూర్చుని నా దగ్గరే నేర్చుకో."

"మాటేనా?"

"వ్యాపారస్తుడి మాట."

తలుపు చాటున వింటున్న జగదాంబకి గుండె రెండుగా అయింది. బంతి ఆలస్యమైతే పిల్ల ఇంట్లోనే ఉంటుంది, ఇంక సంచీ సర్దక్కర్లేదు. కానీ ఆ పిల్ల మొహం అప్పుడు ఎలా ఉంటుందో కూడా తెలుసు ఆవిడకి.

నడవాలో గోడకి రత్నం ఆ కాగితం అంటించింది. దాన్నిండా సున్నాలు, సున్నాకీ సున్నాకీ నడుమ బాణాలు, బాణాల మీద పేర్లు. జగదాంబ బడికి వెళ్ళినది కాదు. కొట్లో పొట్లాలు కట్టే పాత పత్రికల మీద అక్షరాలు కూడబలుక్కుని ఎప్పుడో చదవడం నేర్చుకుంది. కళ్ళజోడు సర్దుకుని కాగితం ముందు నిలబడింది.

"గారెలన్నీ తాడుకి గుచ్చినట్టుందేంటే?"

"ఒక్కో గారె ఒక్కో పని అయిపోయిందన్న గుర్తు అత్తయ్యా. సామాను చేరితేగాని నీళ్ళు కాగవు, నీళ్ళు కాగితేగాని పప్పు ఉడకదు. ఇదిగో, ఈ ఎర్ర గీత చూడు. ఈ దారిలో ఏ పని గంట ఆలస్యమైనా బంతి గంట ఆలస్యమైపోతుంది. పక్క దారుల్లో పనులు కాస్త ఆగినా కొంప మునగదు. వాటికి స్లాక్ ఉందంటారు."

"అంటే తీరుబాటు."

"అదే."

గున్నేశ్వరరావు కూడా వచ్చి కాగితాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి చదివాడు. "అంట్లు తోమే వీరవేణి పేరుంది, నీళ్ళు మోసే పాపాయి పేరుంది. నా పేరేదీ?"

"మీకు పనేం పెట్టలేదు నాన్నా. మీరు అడ్డం రాకపోతే చాలు."

"చూశావా అక్కయ్యా, ఫీజు నేను కట్టాలి, తీరుబాటు కూడా నేనే పడాలి," అని ఆయన కొట్లోకి వెళ్ళిపోయాడు.

"అన్నిటికంటే ముందు మాకు నేర్పింది ఏంటో తెలుసా అత్తయ్యా?" అంది రత్నం ఎర్ర పెన్సిలు చెక్కుతూ. "పనికి బయల్దేరే ప్రతి మనిషినీ అడగాలిట. ఎక్కడికి, ఎప్పటికి, అయ్యాక ఎవరికి కబురు చెప్తావు అని. మన ఇంట్లో అయితే ఆ మొదటి పాఠంలోనే తప్పుతాం."

జగదాంబకి పదహారేళ్ళప్పుడు ఆవిడ భర్త కుక్కుటేశ్వరరావు వ్యాపారానికని కాకినాడ రేవులో ఓడెక్కి రంగూను వెళ్ళాడు. బయల్దేరే మనిషిని ఏమీ అడగకూడదని అత్తగారు కళ్ళతోనే వారించింది. ఆ తరవాత యుద్ధం వచ్చి, రంగూను మీద బాంబులు పడి, జనం అడవుల్లో పడి నడుచుకుంటూ వచ్చేశారు. వచ్చినవాళ్ళని పట్టుకుని అడిగితే "ఏ వీధిలో ఉండేవాడమ్మా? ఎవరి కొట్లో?" అని వాళ్ళు తిరిగి అడిగారు. ఆ సంగతి ఇంట్లో ఒక్కళ్ళకీ తెలియదు. కొన్నేళ్ళు చూసి, పెద్దలు కూర్చుని, చెయ్యవలసిన కర్మ చేయించేశారు. ఆయన కోసం ఏ వీధి పేరు పెట్టి వెతకాలో అప్పటికీ తెలియలేదు.

దీపావళి మర్నాడు వాన పట్టుకుంది. రెండు రోజులు కురిసి తెరిపిచ్చాక చూస్తే, ఏటా సమారాధన జరిగే మండపేట రోడ్డు మామిడితోటలో మోకాలి లోతు నీళ్ళు. రత్నం కాగితం మీద ఒక సున్నా చెరిపి మళ్ళీ గీసుకుంది. కోటిపల్లి రేవు దాటి ముక్తేశ్వరం వైపు సత్తిరాజు గారి కొబ్బరితోట ఉంది. ఇసక నేల, నీరు నిలవదు. తోటలో ఉసిరి చెట్టు కూడా ఉంది, పూజకి కావాలి కదా. సత్తిరాజు గారు కొట్టుకి పాత ఖాతాదారు, సంతోషంగా ఒప్పుకున్నారు. కాకపోతే ఇప్పుడు వంటసామాను బండి శనివారం మధ్యాహ్నమే బయల్దేరి, చీకటి పడకుండా ఆఖరి పంటు మీద గోదావరి దాటాలి. రాత్రికి అక్కడే ఉండి, తెల్లవారకుండా పొయ్యి మీదకి ఎక్కాలి. ఎర్ర గీత ఇప్పుడు ఆ బండి మీదుగా పోతోంది.

బండి తోలేది లోవరాజు. కొట్లో చిన్నప్పటి నుంచీ ఉన్న మనిషి. తోట మారిన సంగతి అనుకున్న నాటికి అతను ఊళ్ళో లేడు, తలుపులమ్మ లోవలో మొక్కు తీర్చడానికి పెళ్ళాం పిల్లలతో వెళ్ళాడు. "రాగానే లోవరాజుకి చెప్పాలి నాన్నా," అంది రత్నం. "నేను చెప్తాలే, అదో పనా," అన్నాడు గున్నేశ్వరరావు.

శనివారం పొద్దున్నే రత్నం, వంటాయన కాశీవిశ్వనాథం గారు కలిసి గోదావరి దాటి వెళ్ళిపోయారు. గాడిపొయ్యిలు తవ్వించాలి, కట్టెలు చూసుకోవాలి. రాత్రికి సత్తిరాజు గారింట్లో ఆడవాళ్ళ దగ్గర పడుకుంటుంది. వెళ్ళేముందు వంటింట్లోకి వచ్చి, "అత్తయ్యా, ఎర్ర గీతని కనిపెట్టుకు ఉండు," అని నవ్వుతూ చెప్పి వెళ్ళింది.

లోవరాజు ఆ రోజే లోవ నుంచి వచ్చాడు. కొట్లో గున్నేశ్వరరావు బేరంలో ఉన్నాడు. లోవరాజు పెరట్లో ఎడ్లకి నీళ్ళు పెట్టుకుని, అన్నం తిని, గుండిగలూ గంగాళాలూ గరిటెలూ బండికెత్తడం మొదలుపెట్టాడు. బుజ్జమ్మ చూసి, ఆయన చెప్పే ఉంటారనుకుంది. గున్నేశ్వరరావు బండి నిండుతున్న చప్పుడు విని, బుజ్జమ్మ చెప్పే ఉంటుందనుకున్నాడు. వర్జ్యం పోయిందో లేదో గడియారం చూసుకుని, కొబ్బరికాయ చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. బండి బయల్దేరబోతుంటే ఎక్కడికని అడిగే తెలివితక్కువ పని ఆ ఇంట్లో ఎవరు చేస్తారు?

లోవరాజు పెరటి గుమ్మం దగ్గర చెయ్యి కడుక్కుంటుంటే జగదాంబ అరిటాకు తుడుస్తూ అడిగింది.

"ఎన్ని పూటలకి కట్టమంటావురా?"

"ఏ పూటకీ ఒద్దండి అమ్మగారూ. దీపాలెట్టేసరికి ఇంటికాడుంటాను కదండి."

"సత్తిరాజు గారింట్లో పెడతారేమోలే," అనుకుంది జగదాంబ, అరిటాకు చుట్టి పక్కన పెడుతూ. లోవరాజు వెళ్ళిపోయాడు. ఆవిడ అలవాటు ప్రకారం వంటింటి తలుపు దగ్గరగా వేసుకుంది. బయట కొబ్బరికాయ పగిలింది. ఎడ్ల మెడల్లో గంటలు కదిలాయి.

అప్పుడు ఆ మాట మళ్ళీ వినిపించింది ఆవిడకి. ఇంటికాడుంటాను. దీపాలు పెట్టేసరికి ఇంట్లో ఉండటమేంటి? ఆఖరి పంటు ఆ వేళకి అటు దాటుతుంది గాని ఇటు రాదు. కోటిపల్లి వెళ్ళే మనిషి రాత్రి భోజనానికి ఇంటికి రాలేడు. మండపేట రోడ్డు వెళ్ళే మనిషి వస్తాడు.

అలా కాదేమో. ఎవరి పడవ మీదో తిరిగొద్దామనుకున్నాడేమో. తమ్ముడు చెప్పాడుగా. చెప్పే ఉంటాడు. జగదాంబ చెయ్యి తలుపు గడియ మీద ఉంది. గంటల చప్పుడు కొంచెం దూరమైంది. పిలవకపోతే ఏమవుతుంది? రేపు పొద్దున్న గోదావరి అవతల పొయ్యిలు మండుతుంటాయి, వాటి మీద పెట్టడానికి గుండిగ ఉండదు. రత్నం ఓడిపోయి ఇంటికొస్తుంది. వచ్చి ఇంక ఎక్కడికీ వెళ్ళదు. తను ఏ పాపమూ చెయ్యనక్కర్లేదు. అందరూ చేస్తున్నట్టు మర్యాదగా ఊరుకుంటే చాలు.

ఊరుకోవడం ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. ఒకసారి ఊరుకుంది.

తలుపు తోసుకుని, నడవా దాటి, కొట్టు దాటి, తమ్ముడి పక్కనుంచి వీధిలోకి పరిగెత్తింది. యాభై ఏడేళ్ళ మనిషి, చెప్పులు లేవు, పమిట భుజం మీద నిలవడం లేదు. బజారులో తక్కెడలు ఆగిపోయాయి. బండి బజారు చివర మలుపు దగ్గర ఉంది, ఎడ్లు మండపేట వైపు మొహం తిప్పుతున్నాయి.

"లోవరాజూ, ఎక్కడికిరా?"

వెనక నుంచి పిలవడం ఒకటి, ఎక్కడికని అడగడం రెండోది. బండి ఆగేలోగా ఆవిడ పక్కనుంచి పోయి ఎడ్లకి ఎదురుగా నిలబడింది. మూడూ ఒక్కసారే అయిపోయాయి.

లోవరాజు పగ్గాలు బిగబట్టి నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగాక తనని ఆ మాట ఎవరూ అడగలేదు. "మామిడితోటకండి," అన్నాడు మెల్లిగా, తప్పు చేసినవాడిలా.

"మామిడితోట మునిగిపోయిందిరా నాయనా. ముక్తేశ్వరంలో సత్తిరాజు గారి కొబ్బరితోట. నీకెవరూ చెప్పలేదా?"

"నాకెవురు చెప్పారండి? నేను లోవ నించి దిగిందే ఇయ్యాల కదండి."

అప్పటికి గున్నేశ్వరరావు వచ్చేశాడు. మొహం ఎర్రగా ఉంది. "అక్కయ్యా, బజారంతా చూస్తున్నారు, ఏంటిది..." అంటూ మొదలుపెట్టి, లోవరాజు మాట చెవిన పడగానే ఆపేశాడు. బండి వైపు చూశాడు, మండపేట రోడ్డు వైపు చూశాడు, చేతిలో మిగిలిన కొబ్బరి చిప్ప వైపు చూశాడు.

"వదినగారూ, నేను ఆయన చెప్పారనుకున్నానండి," అంది వెనకే వచ్చిన బుజ్జమ్మ, ఏడుపు గొంతుతో.

"నేను నువ్వు చెప్పావనుకున్నాను."

ఎదురు కొట్టు అరుగు మీద నుంచి వెంకన్న శెట్టి అన్నాడు, "అడిగితే పోయేదానికి ఎంతమంది అనుకున్నారయ్యా గున్నేశ్వరరావూ."

లోవరాజుని అరుగు మీద కూర్చోబెట్టారు. బుజ్జమ్మ చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. పిలుపు దోషం పోవాలి కదా. అతను నీళ్ళు తాగినంతసేపు జగదాంబ వంటింటి గోడకి ఆనుకుని ఉంది. తరవాత రెండు పూటలకి అన్నం మూట కట్టింది. బండి ద్రాక్షారామం రోడ్డు పట్టింది. ఆఖరి పంటు అందిందో లేదో తెలియడానికి అప్పుడు ఫోను లేదు, ఏమీ లేదు.

ఆదివారం పొద్దున్న బజారు మొత్తం రెండు బస్సులు మాట్లాడుకుని కోటిపల్లి చేరింది. పంటు మీద జగదాంబ ఎవరితోనూ మాట్లాడలేదు. అవతలి ఒడ్డు దగ్గరపడే కొద్దీ కొబ్బరి చెట్ల పైకి పొగ కనబడింది. పొగ ఉంటే పొయ్యి ఉన్నట్టే. కానీ గుండిగ? గట్టు ఎక్కి తోటలోకి అడుగు పెట్టగానే ఇంగువ తాలింపు వాసన తగిలింది. గాడిపొయ్యిల మీద వరసగా తమ ఇంటి గుండిగలు, కాశీవిశ్వనాథం గారు తెడ్డు పట్టుకుని పులుసు కలుపుతున్నారు. జగదాంబ పక్కనే ఉన్న కొబ్బరి మట్టల మీద కూర్చుండిపోయింది.

"ఏంటత్తయ్యా, ఒంట్లో బాలేదా?" అంటూ రత్నం పరిగెత్తుకొచ్చింది. మొహం నిండా మసి, చెవి మీద ఎర్ర పెన్సిలు.

"బాగుందే. చాలా బాగుంది. కాసిని నీళ్ళియ్యి."

లోవరాజు నిన్నటి సంగతి ముందే చెప్పినట్టున్నాడు. రత్నం నీళ్ళ చెంబు ఇచ్చి, ఆవిడ మోకాళ్ళ దగ్గర కూర్చుని, ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

పనులన్నీ సాఫీగా ఏం జరగలేదు. విస్తళ్ళకని కోసిన అరిటాకులు సగం చిరిగాయి. ఉసిరి చెట్టు కింద పూజ దగ్గర గున్నేశ్వరరావు పంతులు గారి చేత ఇంకో స్తోత్రం, ఇంకో స్తోత్రం చదివిస్తూ కూర్చున్నాడు. కూతురు వచ్చి చెవిలో "అడ్డం వస్తున్నారు నాన్నా," అంటే లేచాడు. లేచి పైకి చూశాడు. కొబ్బరాకుల సందుల్లోంచి పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. మొదటి బంతి కూర్చుంది. వడ్డన వరసలు కదిలాయి. వెంకన్న శెట్టి పప్పులో నెయ్యి కలుపుకుంటూ, "ఏం మంత్రం వేశావమ్మా, ఏటా రెండింటికి గాని ఇంత అన్నం పడదు మాకు," అన్నాడు. రత్నం నవ్వి నేతి గిన్నెతో ముందుకు పోయింది.

జగదాంబకి మాత్రం ముద్ద దిగలేదు. బంతి లేచింది, సరే. ఇంకో సగం మిగిలే ఉంది. తను మూడు కూడని పనులు చేసింది. వాటి ఫలితం ఎక్కడో ఒకచోట రావాలి. బండికి రాలేదంటే పంటుకి వస్తుంది. పిల్లలూ గర్భిణీలూ ముసలివాళ్ళూ అందరూ ఒకే పంటు మీద ఉంటారు.

అనుకున్నట్టే తిరుగు ప్రయాణంలో నడిగోదాట్లో, తమ కోసమే మాట్లాడుకున్న పంటు గట్టిగా కుదిపి ఆగిపోయింది. ఆడవాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. జగదాంబ కళ్ళు మూసుకుంది. తన వల్లే. అడిగినందుకే.

పంటు నడిపే చినబాబు గడ వేసి అడుగు చూశాడు. "ఏం కాదండి, ఇసక మేటండి. మొన్నటి వానకి కొత్తగా ఏసింది. గోదారమ్మ కూడా భోంచేసి పడుకుందండి, లేపుతాను," అని మనుషుల్ని ఒక పక్కకి జరగమని, తన వాళ్ళిద్దరితో కలిసి గడలు గుచ్చి నెట్టాడు. పంటు ఒకసారి మూలిగి, పక్కకి ఒరిగి, నీళ్ళలోకి జారింది. పిల్లలు మళ్ళీ ఆగాలని గోల చేశారు. జగదాంబ కళ్ళు తెరిచేసరికి ఒడ్డు ఎదురుగా వస్తోంది, కోటిపల్లి గుళ్ళో అప్పుడే దీపాలు పెడుతున్నారు.

రామచంద్రపురంలో బస్సులు దిగగానే ఆవిడ అందరికంటే ముందు వెళ్ళి ఇంటి గుమ్మంలో నిలబడింది. వెళ్ళేవాళ్ళకి ఎదురు రాకూడదన్నారు గాని, వచ్చేవాళ్ళకి ఎదురు నిలబడకూడదని ఎవరూ అనలేదు. ఒక్కొక్కరినీ మొహం చూసి లోపలికి పంపింది. బుజ్జమ్మ వచ్చింది, తమ్ముడు వచ్చాడు, వంటాయన వచ్చారు, రత్నం వచ్చింది. చివర చీకటిలోంచి ఎడ్ల గంటలు వినిపించాయి. లోవరాజు బండి దిగి, "అందరం వచ్చేశామండి అమ్మగారూ," అన్నాడు ఆవిడ అడగకముందే. అప్పుడు ఆకలేసింది జగదాంబకి. వంటింట్లోకి వెళ్ళి చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఆవకాయ బద్ద నంజుకుని కడుపునిండా తింది.

నడవాలో గున్నేశ్వరరావు గోడమీది కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాడు. రత్నం కాళ్ళు చాపుకుని ఎదురుగా కూర్చుని ఉంది, అడగకుండా.

"బంతి వేళకి లేచింది. అందరూ చేరారు. మాట మాటే, రెండో ఏడు వెళ్ళు," అన్నాడు ఆయన. "కానీ ఒక్క షరతు."

రత్నం మొహంలో రంగు మారింది. "ఇప్పుడు కొత్త షరతేంటి నాన్నా? బేరం అయిపోయాక?"

"ఇది బేరం కాదే. నిన్న ఆ బండి వెళ్ళిపోతుంటే కొబ్బరికాయ కొట్టి పంపించినవాణ్ణి నేను. మీ అమ్మ చూస్తూ నిలబడింది. బజారంతా చూస్తూ నిలబడింది. శకునం చూసుకుంటూ ఎంత చక్కగా పాడుచేసుకునేవాళ్ళమో." ఆయన వంటింటి వైపు చూశాడు. గొంతు కాస్త తగ్గింది. "పరాయి ఊళ్ళో పొద్దున్న వెళ్తావు, సాయంత్రం ఎప్పుడో వస్తావు. ఎక్కడికి వెళ్తున్నావు, ఎప్పటికొస్తావు అని అడిగే మనిషి ఒకళ్ళు దగ్గరుండాలి. ఆ హాస్టలు మానేసి గది తీసుకో. మా అక్కయ్య వస్తుంది."

"నేనా?" అంది జగదాంబ, మజ్జిగ చేత్తోనే గుమ్మంలోకి వచ్చి. "నేను ఈ చుట్టుపక్కల ఊళ్ళు దాటి ఎరగనురా."

"దాటితే ఏమవుతుంది? దారికి ఎన్ని పూటలకి కట్టుకోవాలో నీకంటే ఎవరికి తెలుసు?"

రత్నం లేచి వెళ్ళి అత్తని వాటేసుకుంది. ఆ చేతి మజ్జిగ రత్నం వీపంతా అయింది. బుజ్జమ్మ చూసి, "అయ్యో, కొత్త రవికమ్మా," అంది. ఎవరూ పట్టించుకోలేదు.

రెండో ఏడు వాల్తేరులో మేడ మీద గది తీసుకున్నారు. కిటికీలోంచి సముద్రం ఒక ముక్క కనిపించేది. కింద వీధిలో అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. రత్నం చెప్పులేసుకుంటుంటే జగదాంబ ఎదురుగా నిలబడి ఎక్కడికి, ఎప్పటికి అని అడిగేది, రత్నం చెప్పేది, చెప్పిన వేళకి వచ్చేది. మొదట్లో మేడ మీది మిగతా గదుల్లోని కాలేజీ పిల్లలు నవ్వారు. తరవాత వాళ్ళు కూడా వెళ్ళేముందు ఆవిడకి చెప్పి వెళ్ళడం మొదలుపెట్టారు. రత్నం చదువు ముగించింది, ఆ ఊళ్ళోనే ఉద్యోగంలో చేరింది. ఏటా కార్తీకంలో రామచంద్రపురం వచ్చి, సమారాధన జరిపించి వెళ్ళేది. అక్కని కూడా తీసుకు రమ్మని గున్నేశ్వరరావు ప్రతిసారీ చెప్పి పంపేవాడు. మేడ మీద పిల్లలు ఎప్పుడొస్తారో ఎవరు కనిపెట్టుకుంటారని ఆవిడ ఆగిపోయేది.

జగదాంబ రామచంద్రపురం మళ్ళీ రాలేదు. కానీ ఎక్కడికి, ఎప్పుడు వెళ్ళిందని అడిగితే ఆ ఇంట్లో ఎవరైనా చెప్తారు: వాల్తేరుకి, వెయ్యిన్ని తొమ్మిది వందల ఎనభై మూడు, జూన్ నెలాఖరు, బుధవారం.